చివరి ముద్ద అరూసాది

మా ఇంట్లో ఏ కంచంలోనైనా చివరి ముద్ద అరూసాది. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. మా ఆయన అవద్ వాళ్ళ తాత పల్లె వదిలి కైరో వచ్చి, ఈ కొండ కింద చెత్త ఏరుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఉన్నదే. ఊరంతా పారేసింది మేం తెచ్చుకుంటాం, మేం మాత్రం ఏదీ పారేయం. ప్లాస్టిక్కు ఒక గోతాంలోకి, అట్టలు ఇంకో గోతాంలోకి, తినేదేదైనా ఉంటే పందులకి. తిండి పారేసిన చెయ్యి మా పేటలో లేదు, కావాలంటే ఎవర్నైనా అడగండి.

అరూసా మా ఆడపంది. అరూసా అంటే పెళ్ళికూతురు. ఆ పేరు పెట్టింది అవదే. పంది జ్వరం భయంతో దేశంలోని పందులన్నిటినీ సర్కారువాళ్ళు చంపించిన ఏడు, దాని అమ్మమ్మని అవద్ మూడో అంతస్తు స్నానాలగదిలో దాచాడు. నెలా పదిరోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా స్నానం చెయ్యలేదు. "పంది శుభ్రంగా ఉంది, మనమే కంపు కొడుతున్నాం" అని నవ్వేవాడు. మా దొడ్డి అంతా ఆ ఒక్కదాని సంతానమే.

అరూసా పుట్టేనాటికి అవద్‌కి మెట్లెక్కే ఓపిక పోయింది. ఛాతీ జబ్బు. ఆ రెండు మాటలకి మించి మేమెవరం అనలేదు. ఆస్పత్రికి పోదామంటే, "అక్కడికి పోయి తిరిగొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, పోదాం" అనేవాడు. కింద దొడ్డి పక్కనే మంచం వేశాను. ఆ ఈతలో అరూసా పదకొండో పిల్ల, బక్కది, తల్లి దగ్గర చోటు దొరకనిది. దాన్ని తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను, కాలక్షేపంగా ఉంటుందని. రొట్టె పాలల్లో తడిపి, ఒక కొరుకు తాను కొరికి, మిగతాది దాని నోట్లో పెట్టేవాడు. "నా వల్ల కాదే పెళ్ళికూతురా, నువ్వు తిను" అనేవాడు. దగ్గు తెర వస్తే అది భయపడేది కాదు. ఇంకా దగ్గరికి జరిగేది.

ఆయన ఎంగిలి నేను ఏ మనిషికీ పెట్టలేదు. ఆయన గ్లాసు వేరు, కంచం వేరు, రెండూ మసిలే నీళ్ళలో వేసేదాన్ని. పైన మూడో అంతస్తులో మా అమ్మాయి మర్సా, అల్లుడు వస్ఫీ ఉంటారు. వాళ్ళకి ఒక్క మెతుకు అంటనివ్వలేదు. కంచంలో ఏది మిగిలినా వంచి అరూసా తొట్టిలో పోసేదాన్ని. "గలీలా ఎంత జాగ్రత్త మనిషో" అని పేటలో ఆడవాళ్ళు అంటుంటే నాకు లోపల గర్వంగానే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అవద్ పోయాడు. రెండేళ్ళు దాటింది. మంచం అమ్మేశాను కానీ దాని నాలుగు కోళ్ళ గుర్తులు నేల మీద అలాగే ఉన్నాయి. కింద నేనూ అరూసా మిగిలాం. పొద్దున్నే వస్ఫీ బండి నిండా గోతాలు తెచ్చి దింపేవాడు, నేను కూర్చుని ఏరేదాన్ని, అది నా వెనక కూర్చునేది. నా మాటలు వినే ప్రాణి అదొక్కటే. జవాబివ్వదు, అడ్డు చెప్పదు. మొగుడికంటే నయం అనేదాన్ని దానితో.

తొమ్మిదేళ్ళు ఎదురుచూశాక మర్సా నీళ్ళోసుకుంది. ఏడో నెల నడుస్తుండగా, ఈస్టరు ముందు మా క్రైస్తవులు చేసే పెద్ద ఉపవాసాలు అయిపోవచ్చాయి. యాభై ఐదు రోజులు మాంసం, పాలు ముట్టని జనం పండగనాడు పంది మాంసం మీద ఎలా పడతారో చెప్పక్కర్లేదు. అరూసా పిల్లల్లో ఎదిగిన రెండింటిని మా కసాయి గాదల్లాతో కలిసి పెద్ద కబేళాకి తోలాను.

అక్కడ తనిఖీ చేసే పశువుల డాక్టరు సుమయ్యా. ముస్లిం పిల్ల, తలకి గుడ్డ, చేతులకి మోచేతుల దాకా తొడుగులు. పంది మాంసం జన్మలో రుచి చూసి ఉండదు, కానీ పంది ఒంట్లో ఏ గడ్డ ఎక్కడుంటుందో మాకంటే బాగా తెలుసు. గాదల్లాకి ఆవిడంటే మంట. "తాను తినదు, మమ్మల్ని తిననివ్వదు" అంటాడు.

ఆవిడ మొదటిదాని దవడ కింద కోసి ఆగిపోయింది. రెండోదాని దవడ కింద కోసింది. "ఈ రెండూ ఎవరివి?" అంది.

"నావి" అన్నాను.

"ఇటు రా పెద్దమ్మా, చూడు." శనగగింజంత బిళ్ళలు, లోపల పచ్చగా, ఎండిన జున్నులాగా ఉన్నాయి. కత్తి ఆనిస్తే ఇసుక మీద గీసినట్టు కరకరమంది. "ఇది టీబీ అనుకుంటున్నా."

గాదల్లా వెనకనుంచి తల దూర్చాడు. "ఈ మాత్రందానికేనా? ఆ గడ్డ కోసి అవతల పారేస్తే సరిపోయె డాక్టరమ్మా. మా తాత అలాగే చేశాడు, మా నాన్న అలాగే చేశాడు."

"కోసి ఎక్కడ పారేస్తావ్?"

గాదల్లా నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఎక్కడేమిటి, పందులకే.

"మనుషులకి అంటుతుందా?" అని నేనే అడిగాను.

"అంటొచ్చు. కానీ అంత తేలిగ్గా కాదు. చేతికి గాయం ఉండి ఇలాంటిది కోస్తే, సగం ఉడికింది తింటే, మూసేసిన దొడ్లో జబ్బు పంది దగ్గుతుంటే అంటొచ్చు. ముందు ఇది ఏ రకమో తెలియాలి. కోళ్ళదొకటుంది, ఆవులదొకటుంది, మనుషులదొకటుంది. ముక్క ల్యాబుకి పంపిస్తా. రెండు నెలలు పడుతుంది."

"రెండు నెలలా! అంటే ఆ పురుగు ఇక్కడినుంచి నడిచిపోతుందా ఏం?"

"అది మెల్లగా పెరుగుతుంది పెద్దమ్మా. తొందరంతా మనకే" అని నవ్వింది. కానీ రెండు తలల్నీ పక్కన పెట్టించి మంటలో వేయించింది.

కోళ్ళది, ఆవులది అన్న మాటలే నా చెవిన పడ్డాయి. కోడి పేగులు మేం బండ్ల కొద్దీ తెస్తాం. ఇంకేముంది, కోళ్ళ జబ్బే అనుకున్నాను.

పండగ తర్వాత ఆవిడ మా దొడ్డికి వచ్చి పందులన్నిటికీ చెవి మొదట్లో టీబీ పరీక్ష సూది వేసింది. రెండు రోజులకి మళ్ళీ వచ్చి చూసింది. మిగతావాటికి ఏమీ లేదు. అరూసా చెవి మాత్రం రేగుపండులా ఉబ్బింది.

"దీన్ని ఉంచుకోకూడదు" అంది. "ఇంట్లో గర్భిణి ఉంది."

"రిపోర్టు రానివ్వండి" అన్నాను. "రెండు నెలలేగా. దానికి తొందరేం లేదన్నారుగా."

ఆవిడ బలవంతం చెయ్యలేదు. ఆ పని మా అల్లుడు చేశాడు. మెట్ల మీద నిలబడి, కిందికి ఒక్క మెట్టు కూడా దిగకుండా మాట్లాడాడు.

"అత్తా, తొమ్మిదేళ్ళకి మాకో బిడ్డ పుట్టబోతోంది. పంది కావాలో, మా బిడ్డ కావాలో తేల్చుకో."

"నీ బండి నిండా కోడి పేగులు తెచ్చి దింపింది ఎవడ్రా? నేనా?"

"ఎవడు తెచ్చినా జబ్బు దాని మెడలో ఉంది. అది ఉన్నన్నాళ్ళు నువ్వు పైకి రావద్దు. మర్సాని కిందికి పంపను."

"మర్సా! విన్నావటే నీ మొగుడి మాటలు?"

పైనుంచి మా అమ్మాయి గొంతు, నీరసంగా. "అమ్మా, నాకు భయమేస్తోందే. పంపించెయ్యి దాన్ని."

తొమ్మిది రోజులు పట్టుబట్టాను. పైనుంచి తాడుకి కట్టిన బుట్టలో నాకు కూర దిగేది, ఖాళీ గిన్నె పైకి పోయేది. మూడంతస్తులు, ఒకటే ఇల్లు, ఒకటే మెట్లు. కొండ అవతల ఉన్నవాళ్ళతోనైనా ఇంతకంటే ఎక్కువ మాట్లాడి ఉంటాను. పదో రోజు నాకే అనిపించింది, ఇదేం మొండితనం, బిడ్డకంటే ఎక్కువా అని. డాక్టరుకి కబురు పంపాను.

కబేళా బండి వచ్చింది. అరూసా ఎక్కలేదు. ఇద్దరు మగాళ్ళు తాళ్ళు వేసి లాగినా నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి నిలబడింది. "ఆగండి" అని, లోపలికెళ్ళి రొట్టె తెచ్చాను. ఒక కొరుకు కొరికి, మిగతాది చూపించాను. అంతే, నా వెనకే పలక ఎక్కి బండిలోకి వచ్చేసింది. రొట్టె తింటుంటే నేను దిగిపోయాను. తలుపు వేసేశారు. లోపలినుంచి అది అరవను కూడా లేదు. నేను మళ్ళీ వస్తాననే అనుకుని ఉంటుంది.

వస్ఫీ మళ్ళీ మెట్ల మీదికి వచ్చాడు. "ఇప్పుడు దొడ్డికి సున్నం కొట్టాలి. మిగతావాటిని గాదల్లా దొడ్లో ఉంచుదాం. నలభై రోజులు ఆగి అప్పుడు పైకి రా."

"నలభై ఎవడు చెప్పాడు? డాక్టరా?"

"నేనే చెప్తున్నా."

మా వాళ్ళకి దేనికైనా నలభయ్యే. చావుకి నలభై, పురుడికి నలభై, ఇప్పుడు పందికీ నలభై. సరే అన్నాను. సున్నం కొట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. సున్నం ఘాటుకి దగ్గొచ్చింది. నిజానికి దగ్గు ఉపవాసాల ముందునుంచే ఉంది. సున్నం కొట్టకముందు గోతాల దుమ్ము వల్ల అనుకున్నాను, సున్నం కొట్టాక సున్నం వల్ల అనుకున్నాను. మా పేటలో దగ్గనివాళ్ళెవరు? లంగా బొందు రెండు వేళ్ళు బిగించాల్సి వచ్చింది. దిగులు అనుకున్నాను, దిగులు ఎలాగూ ఉంది.

ఖాళీ దొడ్డి పక్కన కూర్చుని గోతాలు ఏరడం ఎంత చెడ్డ పనో అప్పుడే తెలిసింది. రొట్టె ముక్క కనపడితే చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళేది. అక్కడ మూతి ఉండేది కాదు. ముక్క చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేదాన్ని. తర్వాత గాదల్లా పందులకి డబ్బాలో వేసి పంపేదాన్ని.

ముప్ఫై మూడో రోజున మర్సాని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నన్ను రమ్మనలేదు. బండిలో కూర్చుంటూ మర్సా నా వైపు చెయ్యి ఊపింది, నేను దొడ్డి గుమ్మంలో నిలబడి ఊపాను. ఆడపిల్ల. రిఫ్కా అని పేరు పెట్టారు. ఇంటికి తెచ్చిన రోజు పైనుంచి పిల్ల ఏడుపు మెట్ల మీదుగా కిందికి దిగి వచ్చింది. ఆ ఏడుపు వింటూ మెట్ల మొదట్లో కూర్చున్నాను. వంటా లేదు, పనీ లేదు. అది ఏడ్చినంతసేపు కూర్చున్నాను.

మా దగ్గర పుట్టిన ఏడో రోజు వేడుక చేస్తాం. పిల్లని జల్లెడలో పడుకోబెట్టి, చుట్టూ ఏడు రకాల గింజలు చల్లి, తల్లి ఏడుసార్లు దాటుతుంది. తల్లికి తల్లి ఉంటే చిన్న ఇత్తడి రోలు పిల్ల చెవి దగ్గర పెట్టి ఠంగు ఠంగున దంచుతూ బుద్ధులు చెప్తుంది. నలభయ్యో రోజు సరిగ్గా ఏడో రోజున పడింది. వస్ఫీ గడువు కూడా తీరిపోయింది. మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి రోలు బయటికి తీశాను. నిమ్మచెక్క, బూడిద వేసి మూడు రోజులు తోమాను. నా మొహం అందులో కనపడేంతగా తోమాను. మొహం కాస్త లోపలికి పోయినట్టు కనపడింది. రోలు వంకర అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే, నల్ల గౌను వేసుకుని, తలకి కొత్త గుడ్డ కట్టుకుంటుంటే డాక్టరు సుమయ్యా వచ్చింది. చేతిలో కాగితం ఉంది, మూతికి గుడ్డ ఉంది.

"కూర్చో పెద్దమ్మా."

"వేడుకకి పోవాలి డాక్టరమ్మా. నిలబడే వింటా."

"రిపోర్టు వచ్చింది. ఇది కోళ్ళ రకం కాదు, ఆవుల రకం కాదు. మనుషుల రకం."

"అంటే?"

"అంటే పంది మీ ఇంటికి జబ్బు తేలేదు. మీ ఇల్లే పందికి ఇచ్చింది. దాని పిల్లలకి కూడా ఈ తొట్టిలోంచే వచ్చి ఉంటుంది. నీ దగ్గర దగ్గేవాళ్ళు ఎవరైనా ఉండేవారా?"

నేను నేల మీది మంచం గుర్తుల వైపు చూశాను. నోరు దానంతటదే మాట్లాడింది. "ఆయన ఎంగిలి ఎవరికీ పెట్టలేదు డాక్టరమ్మా. ఒట్టు. కూతురిక్కూడా ఒక్క మెతుకు పెట్టలేదు. అన్నీ అరూసాకే పోశాను."

అన్నాక నా మాట నాకే వినపడింది. ఆవిడ కాగితం మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

దాని అమ్మమ్మని సర్కారు నుంచి దాచాడు మా ఆయన. దీన్ని నేను నా చేత్తో, నా ఎంగిలి రొట్టె చూపించి బండెక్కించాను. తప్పు దానిది కాదు. మాది. ఆ పాపిష్టి రొట్టె తినే వెళ్ళిపోయింది అది.

"నువ్వెన్నాళ్ళ నుంచి దగ్గుతున్నావ్?" అని అడిగింది.

"మా పేటలో దగ్గనివాళ్ళెవరు?"

"నేను పేటని అడగలేదు."

"ఉపవాసాల ముందునుంచి."

"రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా? చిక్కావు కూడా."

రోలు వంకర కాదని అప్పుడు తెలిసింది.

"పైన పిల్ల దగ్గరికి వెళ్ళావా?"

"ఇంతవరకు వెళ్ళలేదు. ఇప్పుడే వెళ్ళాలి."

ఆవిడ తోమిన రోలు వైపు చూసింది. ఆ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, వెంటనే తల తిప్పుకుంది. "ఛాతీ ఆస్పత్రికి చీటీ రాసిస్తా. ఇవాళే పోయి తెమడ ఇవ్వు. ఇంట్లో అందరూ చూపించుకోవాలి. పుట్టినప్పుడు పిల్లకి టీకా వేసే ఉంటారు, అయినా ఆ ఆస్పత్రివాళ్ళకి చెప్పాలి. నీకు ఉందో లేదో నేను చెప్పలేను. ఉంటే మాత్రం మందులున్నాయి, తగ్గిపోతుంది."

"ఒక్కసారి ఎత్తుకుంటే? మూతికి గుడ్డ కట్టుకుని?"

"నేను పశువుల డాక్టర్ని పెద్దమ్మా. పందినైతే తీసుకుపోగలిగాను. నిన్ను ఆపే అధికారం నాకు లేదు." చీటీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఈ సంగతి నాకూ ఆవిడకీ తప్ప పేటలో ఎవరికీ తెలియదు. ఒక్క గంట. ఒక్క గంట కనిపించి, ఎత్తుకుని, రోలు దంచి, కిందికి వచ్చేసి, రేపు ఆస్పత్రికి పోతే ఎవరు చూడొచ్చారు? నలభై రోజులు ఆగాను. తొమ్మిదేళ్ళు ఆగాను. మూతికి గుడ్డ కట్టుకున్నాను, రోలు చంకన పెట్టుకున్నాను, మెట్లెక్కాను. రెండో అంతస్తు దాకా ఎక్కాను. పైనుంచి ఆడవాళ్ళ నవ్వులు, బాలింతకి కాచే పానకం వాసన, మధ్యలో పిల్ల కుయ్‌మన్న చప్పుడు. తలుపు బార్లా తీసి ఉంది. ఇంకా పదిహేను మెట్లు.

అక్కడ దగ్గొచ్చింది. ఎంతకీ ఆగలేదు. గోడ పట్టుకుని దగ్గాను. ఆగాక మూతి గుడ్డ తీసి చూశాను. ఆవగింజంత ఎర్రటి చుక్క. అవద్ గుడ్డల మీద అలాంటి చుక్కల్ని ఎన్నిటిని ఉతికానో నాకు తెలుసు. తిరిగి కిందికి దిగాను. ఎక్కినదానికంటే దిగడమే కష్టమైంది.

సందులో, బాల్కనీ కింద, గోతాల పక్కన నిలబడ్డాను. కాసేపటికి మర్సా బాల్కనీలోకి వచ్చింది.

"అమ్మా! జల్లెడలో గింజలు కూడా పోశాం, నువ్వేంటి అక్కడే నిలబడ్డావ్? రా!"

"నేను రాను. మీరు కానివ్వండి."

"రావా? ఇంకా ఆ పంది కోసమేనా నీ అలక? నా కూతురికంటే అదే ఎక్కువయిందా నీకు?"

వస్ఫీ కూడా వచ్చాడు. "అత్తా, నేనే పిలవాలనా? సరే పిలుస్తున్నా. తప్పయింది, చెంపలేసుకుంటున్నా, పైకి రా. పదిమందిలో పరువు తియ్యకు."

సందులో అన్ని బాల్కనీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇంటి జబ్బు వీధిలో చెప్పుకున్నవాళ్ళు మా పేటలో లేరు. చెప్తే వస్ఫీ తెచ్చే చెత్త ఎవరు కొంటారు, మా గడప ఎవరు తొక్కుతారు? అవద్‌ది కూడా ఛాతీ జబ్బు అని మాత్రమే అన్నది అందుకే. ఆ రెండు మాటల చాటున దాక్కునే మేం ఇంతదాకా వచ్చాం.

"పంది కాదే!" అని అరిచాను. "మీ నాన్నకి టీబీ. ఆయన నుంచి అరూసాకి వచ్చింది. నాకూ వచ్చిందనుకుంటా. జబ్బు దానిది కాదు, మనది. తలుపు వేసుకో. నన్ను పైకి రానివ్వకు, నేను ఏడ్చినా సరే రానివ్వకు!"

ఎదురింటి బాల్కనీ తలుపు మూసుకున్న చప్పుడు, పక్కింటిది మూసుకున్న చప్పుడు వినపడ్డాయి. మర్సా కటకటాలు పట్టుకుని కిందికి వంగింది, ఎక్కడ పడిపోతుందోనని భయమేసింది నాకు.

"అమ్మా" అంది. అంతే. ఏడుపు అందుకుంది.

"ఏడవకు, పాలు ఎండిపోతాయి. పిల్లని జల్లెడలో పెట్టి తలుపు దగ్గర ఉంచు. వేడుక ఆగకూడదు."

నేల మీద కూర్చున్నాను. రోలు రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని దంచాను. ఠంగు ఠంగున సందు గోడలకి కొట్టుకుని పైకి పోయింది. "రిఫ్కా!" అని అరిచాను. "మీ అమ్మ మాట విను!" మళ్ళీ దంచాను. "మీ నాన్న మాట వినకు!" ఇది ప్రతి వేడుకలో అనే మాటే, పైన ఎవరో ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. ఇంకోసారి దంచాను. ఈ మూడోది మా వాళ్ళెవరూ ఎప్పుడూ అనలేదు, నాకే వచ్చింది. "రిఫ్కా! మీ అమ్మమ్మ దగ్గరికి రాకు!"

పైన పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. నా గొంతు దానికి వినపడిందని సంతోషమేసింది.

తెమడలో పురుగు ఉంది. మనుషుల రకమే. ఆరు నెలలు మందులన్నారు. మర్సాకి, వస్ఫీకి పరీక్షలు చేశారు, ఏమీ లేదు. పిల్లకి కొన్నాళ్ళు చుక్కల మందు వేయమన్నారు, వేస్తున్నారు. పొద్దున్నే నేను మందు మింగుతుంటే మర్సా బాల్కనీలో నిలబడి, నా గొంతు కదిలేదాకా చూస్తుంది. తర్వాత పిల్లని ఎత్తి చూపిస్తుంది. ఇంత దూరం నుంచి దానికి ఎవరి కళ్ళు వచ్చాయో నాకు తెలియడం లేదు. అవద్‌వి అంటుంది మర్సా. నమ్ముతున్నాను.

మూడో నెలలో గాదల్లా సందు మొదట్లో నిలబడి కేకేశాడు. చంకలో గోనెసంచి, అందులో ఏదో కొట్టుకుంటోంది.

"గలీలా! అరూసా మనవరాలే, నా దొడ్లోది, పరీక్ష చేయించిన పిల్ల. ఒంటరిగా ఎన్నాళ్ళుంటావ్? ఉంచుకో!"

ఒంటరిగా ఉన్నమాట నిజం. అందరూ నన్ను చూసి సందు అవతలి పక్కనుంచి నడుస్తున్న మాటా నిజం. ఆ సంచిలోంచి చిన్న మూతి బయటికొచ్చి గాలి వాసన చూసింది. నా చేతులు రెండూ ముందుకు వెళ్ళాయి. వెనక్కి తీసుకుని పైట కింద పెట్టుకున్నాను.

"వద్దు గాదల్లా, తీసుకుపో. దగ్గేది నేను. పాపం, దానికంటిస్తానేమో."

ఆ పూట బుట్టలో మొలొఖియా ఆకుకూర, రెండు రొట్టెలు దిగాయి. తిన్నాను. చివర ఒక రొట్టె ముక్క మిగిలింది. మిగిలింది కాదు, నేనే మిగిల్చాను, నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకు వచ్చింది. నా ఎంగిలి ఏ ప్రాణికీ పెట్టొద్దని, కాల్చెయ్యమని ఆస్పత్రిలో చెప్పారు. నూనె డబ్బాలో అట్టముక్కలు వేసి నిప్పు రాజేశాను. మా వంశంలో తిండి తగలబెట్టిన మొదటి మనిషిని నేనే. రొట్టె ముక్క వేశాను. కాలుతున్న వాసన అచ్చం పొయ్యి మీది రొట్టె వాసనలాగే వచ్చింది. అది బూడిదయ్యేదాకా ఆ ఖాళీ దొడ్డి వైపు వీపు పెట్టి కూర్చున్నాను.